కంటికి బదులు ముల్లు

మా బావ ఇనుము చెక్కే లేతు మెషీన్ మీద పనిలో ఉన్నప్పుడు పలకరించడమంటే కొరివితో తల గోక్కోవడమే. పలకడు సరికదా, మెషీన్ ఆపాక వచ్చి మనకే నాలుగు అక్షింతలు వేస్తాడు. ఇనుప కడ్డీని బిగించిన చక్ తిరుగుతున్నంతసేపూ మనిషి ధ్యాస ఒక్కచోటే ఉండాలట. ఆ మాత్రం నాకు తెలియక కాదు. నేను కాలిపోయిన మోటార్లు విప్పి, కొత్త తీగ చుట్టి బతికేవాణ్ణి. చుట్ల లెక్క నడుస్తుండగా ఎవడైనా వచ్చి యోగక్షేమాలు అడిగితే నాకూ ఒళ్ళు మండుతుంది. మా అక్కకు మాత్రం ఈ గోలంతా పట్టదు. ఆవిడ దృష్టిలో వెనక గదిలో ఉన్నది మెషీన్ కాదు, సవతి. మీ బావ దానికి రోజూ నూనె రాసి తుడుస్తారు, నాకు తలనొప్పి వస్తే మాత్ర ఎక్కడుందో కూడా ఆయనకి తెలీదు అని నేను వెళ్ళినప్పుడల్లా దెప్పేది.

ఆ గది అసలు పాత సామాన్లు పడేసుకోవడానికి కట్టింది. ఇద్దరు లోపలుంటే మూడోవాడు గడప అవతల నిలబడాల్సిందే. ఒక పక్క గోడ పొడుగునా మెషీన్. ఎదురు గోడకు మేకులు, మేకులకు స్పానర్లు, ప్రతి స్పానర్ వెనకా గోడమీద దాని ఆకారం పెన్సిల్‌తో గీసి ఉంటుంది. తీసింది తిరిగి పెట్టకపోతే ఆ ఖాళీ బొమ్మ వెక్కిరిస్తుందని ఆయన ఏర్పాటు. నేలమీద ఎప్పుడూ ఇనుప చుట్టలు, చెప్పుల్లేకుండా అడుగు పెడితే ఇక అంతే సంగతులు. కిటికీ తెరిస్తే పక్కింటివాళ్ళ గోడ. నూనె, కాలిన ఇనుము కలిసిన ఆ వాసన ఇల్లంతా పట్టేసింది. అక్క బీరువాలోంచి తీసిన చీరకు కూడా అదే వాసన. సంతలో తప్పిపోయినా నిన్ను కళ్ళు మూసుకుని వెతికి పట్టుకోవచ్చే అని నేను ఏడిపిస్తే, గరిటె పుచ్చుకుని వెంటపడేది.

బావ కుర్రతనంలోనే ఒక కంపెనీలో చేరాడు. మొదట మెషీన్ల కింద రజను ఊడ్చే పని. ఊడుస్తూ ఊడుస్తూ లేతు నడిపే టర్నర్ల చేతులు చూసి పని పట్టేశాడు. తల నెరిసేదాకా అక్కడే. మధ్యలో ఒకసారి కాలిన ఇనుప రవ్వ ఎగిరి ఎడమ కంట్లో పడింది, ఆ కన్ను పోయింది. కట్టు విప్పిన వారానికే మళ్ళీ మెషీన్ ముందు నిలబడ్డాడు, అదీ ఆయన మొండితనం. తర్వాత ఆ కంపెనీ మూతపడింది. పాత ఇనుము కింద పోతున్న మెషీన్లలో తాను ఎక్కువకాలం నడిపినదాన్ని వెతికి పట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాడు. దాన్ని లోపలికి దించడానికి వెనక గోడ పగలగొట్టి మళ్ళీ కట్టాం. మోటారు మార్చింది, స్విచ్చి బిగించింది, వైరు లాగింది నేనే. అది మొదటిసారి తిరిగినప్పుడు బావ మొహం చూడాలి. పెళ్ళిలో కూడా అంత కళగా లేడని అక్క అంది.

మా చుట్టుపక్కల ఆయన్ని పాయింట్ల మేస్త్రీ అంటారు. మిల్లీమీటర్‌ని వంద ముక్కలు చేస్తే వచ్చే ఒక్కో ముక్కని టర్నర్లు పాయింటు అంటారు. వెంట్రుక మందంలో ఏడో ఎనిమిదో ఉంటాయట. ఒక్క పాయింటు తేడా వచ్చినా ఆ ముక్కను బయటికి పంపడు, పక్కన పడేసి మొదటినుంచీ మొదలుపెడతాడు. నీళ్ళ మోటార్ల షాఫ్టులు నేను ఆయన దగ్గరే చేయించేవాణ్ణి. బామ్మర్దివి కదా అని తొందరగా ఇవ్వడం, చూసీచూడనట్టు పోవడం ఆయన ఒంట్లోనే లేదు. ఎన్నోసార్లు వీధి పొడుగునా తిట్టుకుంటూ ఉత్త చేతులతో వెనక్కి వచ్చాను.

అలాంటి మనిషికి ఉన్న ఒక్క కన్నూ మొరాయించడం మొదలుపెట్టింది. చుట్టూ అంతా బాగానే కనిపిస్తుంది, సరిగ్గా మధ్యలో మసక. నీ చెవులు రెండూ కనిపిస్తున్నాయిరా, ముక్కే ఎక్కడ పెట్టావో తెలియడం లేదు అని నాతో నవ్వుతూ అన్నాడు. నాకు నవ్వు రాలేదు. కళ్ళ డాక్టరు చూసి, పోయింది తిరిగి రాదు, ఉన్నది ఇలాగే చాలాకాలం ఉండొచ్చు అన్నాడు. మామూలు మనిషికి అదేమంత కాదు. లేతు మీద ఇనుము కోసే టూల్‌ని లోపలికి జరిపే హ్యాండిల్ చుట్టూ సన్న సన్న గీతలుంటాయి. ఆ గీతలు చూసుకుంటూనే ఎంత కోయాలో అంత కోస్తారు. బావకు ఆ గీతలన్నీ ఒకే బూడిదరంగు పట్టీలా కనబడుతున్నాయి. ఎవరికీ చెప్పకుండా కొన్నాళ్ళు శబ్దాన్ని బట్టి, వేళ్ళ అంచనాతో లాక్కొచ్చాడు. తర్వాత ఇచ్చిన పనులు వెనక్కి రావడం మొదలైంది. ఆయన పని వెనక్కి రావడం అంతకుముందు ఎవరూ ఎరగరు.

ఒక మధ్యాహ్నం అక్క మంచినీళ్ళు ఇవ్వడానికి వెళ్ళి, ఆయన చొక్కా చెయ్యి తిరిగే చక్‌కి ఎంత దగ్గరగా ఉందో చూసింది. చెంబు అక్కడే వదిలేసి నా షాపుకి వచ్చింది. వీధిలో ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి, నలుగురి ముందే నన్ను నిలదీసినంత పని చేసింది. వైరు లాగిన పాపం నాదేనట. నేను షట్టరు దించి ఆవిడ వెంట వెళ్ళాను. అక్క ఆయన ఎదురుగా నిలబడి కచ్చితంగా చెప్పేసింది.

"ఒక కన్ను దానికే ఇచ్చారు. చాలదా? నాకు మనిషి కావాలండీ. దాన్ని పంపేయండి."

బావ మెషీన్ వైపు తిరిగి, హ్యాండిల్ మీది గీతల్ని వేలితో తడిమాడు. తర్వాత నెమ్మదిగా, కంటితో పని లేకుండా కొలత తెలిసే ముల్లు ఒకటి చేసి మెషీన్‌కి బిగిస్తానన్నాడు. అది బిగించాక ఒక్క పని, ఒకే ఒక్క అసలైన పని చేస్తానన్నాడు. ఆ పని కొలతకు వస్తే మెషీన్ ఉండాలి, తేడా వస్తే అక్క అన్నట్టే పంపేయాలి. అక్క నావైపు చూపించి, వాడే సాక్షి అంది. నాకు ఆ సాక్ష్యం అక్కర్లేదని చెప్పినా ఎవరూ వినిపించుకోలేదు.

ఆ ముల్లు చేయడం ఒక పెద్ద యజ్ఞం. బావ దగ్గర పాత డయల్ గేజి ఒకటి ఉంది. చిన్న గడియారంలా ఉంటుంది, కింద ఒక పుల్ల పొడుచుకొచ్చి ఉంటుంది. ఆ పుల్లను ఏమాత్రం నొక్కినా ముల్లు తిరుగుతుంది, మిల్లీమీటరు నొక్కితే ఒక చుట్టు. దాని మొహం రూపాయి బిళ్ళ కంటే కాస్త పెద్ద, అంతే. అది ఆయన కంటికి ఆనదు. అందుకని దాని అద్దం విప్పేసి, భోజనం పళ్ళెమంత అల్యూమినియం రేకు కోసి కొత్త మొహం చేశాడు. వంద గీతలు సమంగా కొట్టాలి. మెషీన్‌కే ఉన్న వంద పళ్ళ గేరును వెనక బిగించి, ఒక్కో పన్ను దగ్గర ఆపి, టూల్ మొనతో ఒక్కో గీత లాగాడు. ఆపే పని నాది. పళ్ళ మధ్య ఇనుప నాలుక దూర్చి పట్టుకోవడం, ఆయన గీయగానే తియ్యడం, మళ్ళీ దూర్చడం. గీతలు అయ్యేసరికి నా నడుం పోయింది. చూస్తే అన్నీ దువ్వెన పళ్ళలా వరసగా ఉన్నాయి, ఒక్కటి అటూ ఇటూ లేదు.

తర్వాత ముల్లు. అంత పెద్ద మొహానికి ఆ చిన్న ముల్లు చాలదు, ఇనుప ముల్లు పెడితే బరువుకి వంగుతుంది. ఎన్ని రకాలు ప్రయత్నించాడో. చివరికి అక్క కొత్త చీపురు లోంచి ఒక పుల్ల పీకి, సన్నగా చెక్కి, అతికించాడు. అటు చివర బరువు సరిపోవడానికి చిటికెడు సీసం. అక్క గోళ్ళ రంగు దొంగిలించి ఎర్రగా పూశాడు. కొత్త చీపురు పోయింది, రంగు సీసా పోయింది, ఇంక నన్ను కూడా కోసి ఏదో ఒకటి చేసుకోండి అని అక్క సణిగింది కానీ, ఆ పూట గడపలో నిలబడి చూసింది. ఎర్ర ముల్లు తిరుగుతుంటే ఆవిడకీ ముచ్చటేసిందని నాకు తెలుసు.

దాన్ని మెషీన్‌కి పట్టి ఉంచడానికి దుక్క ఇనుముతో పట్టు చేశాడు. టూల్ లోపలికి జరిగే చోట బిగించుకోవచ్చు, విప్పి పొడుగు కొలిచే పక్కనా బిగించుకోవచ్చు. నేనేదో రేకు వంచి కట్టేస్తే సరిపోతుందనుకున్నా. అలా చేస్తే మెషీన్ అదురుకి ముల్లు కూడా అదురుతుంది, అదిరే ముల్లు అబద్ధాలకోరు అన్నాడు. రంధ్రాలు వేశాడు, మరలు కోశాడు, ఆకురాయి పట్టి అడుగు చదును చేశాడు. మసక కన్ను పక్కకి తిప్పి, తల వంచి, వేలి కొసతో తడుముతూ చేశాడు. బిగించి చూస్తే ఆ పట్టు మెషీన్‌తో పాటే పుట్టినట్టుంది. ఆ రోజు బావ టీ రెండుసార్లు అడిగి తాగాడు.

అప్పుడే నాకు సగం లెక్క సంగతి చెప్పాడు. గుండ్రటి కడ్డీ తిరుగుతుంటే టూల్ ఒక పాయింటు లోపలికి వెళ్తే, కడ్డీ చుట్టూరా పాయింటు చొప్పున పోతుంది. అంటే లావులో రెండు పాయింట్లు తగ్గుతుంది. హ్యాండిల్ మీది పాత గీతలు ఆ లెక్క ముందే వేసి కొట్టినవి. అక్కడ ఇరవై తిప్పితే కడ్డీ సరిగ్గా ఇరవై తగ్గుతుంది. ఈ కొత్త ముల్లు అలా కాదు, టూల్ ఎంత కదిలితే అంతే చూపిస్తుంది. కడ్డీ ఇరవై తగ్గాలంటే ముల్లు పది దగ్గర ఆపాలి. మరి మొహం మీదే రెట్టింపు అంకెలు వేసేస్తే పోలేదా అని అడిగాను. పొడుగు కొలిచే పక్కకి మార్చినప్పుడు సగం లెక్క ఉండదు కదరా బుద్ధిహీనుడా, ముల్లు ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, లెక్క మనిషి వేసుకోవాలి అన్నాడు. మర్నాడు వెళ్తే మళ్ళీ అదే చెప్పాడు, అదే కడ్డీ చూపించి, అవే మాటల్లో. ఆ పై వారమూ అంతే. పాఠం చెప్పే అలవాటు పోలేదు అని విసుక్కున్నాను తప్ప వేరే ఏమీ అనుకోలేదు.

పరీక్షకు పని కూడా దానంతటదే వచ్చింది. మా పక్క వీధి పిండిమర ఆయన షాఫ్టు విరిగి మర ఆగిపోయింది. నాలుగు వీధులకు అదొక్కటే మర. బావ కన్ను సంగతి ఆయన విన్నాడు, అయినా మేస్త్రీ చేస్తానంటే ఇంకొకరి దగ్గరికి వెళ్ళను అని కడ్డీ తెచ్చి ఇచ్చాడు. నాకు ఆ మంచితనం చూస్తే భయం వేసింది. బావ నాలుగైదు రోజుల పాటు నిదానంగా చేశాడు. పొడుగు వచ్చింది, మెట్లు వచ్చాయి, చక్రం కూర్చునే చోటు వచ్చింది. అన్నీ నాచేత పాయింట్లు కొలిచే మైక్రోమీటరుతో కొలిపించాడు. ఒక్క పాయింటు తేడా లేదు. అక్క కూడా మెత్తబడింది. ఉంటే ఉండనీలేరా, అది లేకపోతే మనిషి డీలాపడిపోతారు అని వంటింట్లో నాతో అంది.

మిగిలింది బేరింగ్ కూర్చునే చోటు. షాఫ్టుకు అదే ప్రాణం. బేరింగ్ బిగుతుగా, చెక్క సుత్తితో తడితే ఎక్కేలా ఉండాలి. వదులైతే షాఫ్టు మొత్తం పాత ఇనుమే. ఆ పొద్దున పిండిమర ఆయన వచ్చాడు, అక్క గడపలో నిలబడింది. నేను కొలిచి ఇంకా ఇరవై పాయింట్లు ఎక్కువుందని చెప్పి, పిండిమర ఆయన చూస్తానంటే ఆయనకు నా చోటు ఇచ్చి బయటికి వచ్చాను. బావ మెషీన్ వేశాడు. టూల్ తగిలింది, చుట్టలు సన్నగా రాలాయి. శబ్దం కూడా ఎక్కడా తడబడలేదు. కోత అయ్యాక మెషీన్ ఆపి, గుడ్డతో తుడిచి, బేరింగ్ అందుకుని కొసకు పెట్టాడు. సుత్తి అవసరం రాలేదు. బొటనవేలితో తోస్తే జారుకుంటూ చివరిదాకా వెళ్ళి టక్కుమని ఆగింది.

బావ బేరింగ్‌ని వెనక్కి లాగాడు, మళ్ళీ తోశాడు. మళ్ళీ లాగాడు. ముల్లే తప్పు చూపించి ఉంటుంది, పట్టు కదిలి ఉంటుంది అన్నాడు. ఆ వెంటనే మందం కచ్చితంగా తెలిసిన కొలత బిళ్ళ తీసి ముల్లు కింద పెట్టి చూశాడు. ముల్లు సరిగ్గానే ఉంది. పట్టు కదల్లేదు. నేను లోపలికి వెళ్ళి మైక్రోమీటరు పెట్టాను. ఉండాల్సినదానికంటే సరిగ్గా ఇరవై పాయింట్లు తక్కువ. అప్పటికి నాకు అర్థమైంది. పది దగ్గర ఆపాల్సిన ముల్లుని ఇరవై దాకా తీసుకెళ్ళాడు. కొత్తగా చేరినవాడు మొదటి రోజు చేసి చీవాట్లు తినే తప్పు అది.

"బావా, సగమే కదా తిప్పాల్సింది?" అన్నాను.

"సగమేంట్రా?" అన్నాడు.

కోపంతో కాదు, బుకాయించడానికీ కాదు. నిజంగానే అడిగాడు. ఆ మొహం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. భాష తెలియని వీధిలో దారి తప్పినవాడి మొహం అది. కాసేపటికి ఏదో అందినట్టు, ఆఁ, సగం, అవునవును అన్నాడు. కానీ ఆ మధ్యలో గడిచిన కాసేపు ఏమిటో నేను చూశానని ఆయనకు తెలిసిపోయింది. చేతిలో గుడ్డను మడతలు పెడుతూ నా వంక చూడకుండా కూర్చున్నాడు. పిండిమర ఆయన పెద్దమనిషి. పోన్లే మేస్త్రీ, అందరికీ జరిగేదే అన్నాడు. బావ ఆయనకు దండం పెట్టి, ఈ షాఫ్టు పనికిరాదు, ఫలానా చోట ఇంకో టర్నరు ఉన్నాడు, కొత్త కడ్డీ నేనే పంపిస్తాను అని చెప్పాడు. ఆ మాటలన్నీ సరిగ్గానే చెప్పాడు, ఒక్కటీ తడబడలేదు.

వంటింట్లో అక్క ఒక పక్క ఏడుస్తూ, ఒక పక్క నన్ను సాధించడం మొదలుపెట్టింది. చెప్పానా, కన్ను లేనివాళ్ళు ఆ పని చెయ్యకూడదని చెప్పానా అంటోంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. కన్ను కాదే అక్కా, నీ కన్ను గోల ఆపు అని అరిచాను. తర్వాత నెమ్మదిగా, ఆ సగం లెక్క ఆయన మర్చిపోయిన సంగతి చెప్పాను. ఆవిడ పొయ్యి ఆపేసి కింద కూర్చుంది. అప్పుడు ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. మొన్న కూరగాయలకు వెళ్ళి మన గేటు దాటి వీధి చివరిదాకా వెళ్ళిపోయారు. కన్ను ఆనలేదనుకున్నాను. చొక్కా గుండీలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకుంటున్నారు. కన్నే అనుకున్నాను. నన్ను వాళ్ళమ్మ పేరు పెట్టి పిలిచారు, మసకలో పోల్చుకోలేదనుకున్నాను. పాపం ఆ కంటి మీద ఎన్ని నేరాలు మోపిందో మా అక్క.

ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. పలకలాంటి అట్ట ఇచ్చి, తెల్లకాగితం పెట్టి, గడియారం బొమ్మ గీసి అంకెలు వెయ్యమని బావను అడిగాడు. మసక వల్ల ఇబ్బంది ఉండకూడదని లావుపాటి స్కెచ్ పెన్ ఇచ్చాడు కూడా. బావ వృత్తం బాగానే గీశాడు. అంకెలన్నీ ఒక పక్కనే ఇరికించాడు. ఆరు దగ్గర ఆగి, ఇంకా ఎన్ని వెయ్యాలని నన్ను అడిగాడు. పళ్ళెమంత రేకు మీద వంద గీతలు వెంట్రుక తేడా లేకుండా కొట్టిన చెయ్యి అది. నేను బయటికొచ్చి వరండాలో గోడకు నిలబడి వెక్కివెక్కి ఏడ్చాను, సిగ్గుపడకుండా చెప్తున్నాను. ఇది తగ్గేది కాదని, నిదానంగా పెరుగుతుందని డాక్టరు అక్కకు చెప్పాడట. కన్ను వేరు, ఇది వేరు అన్నాడట.

ఇంటికొచ్చాక అక్క మాట మార్చేసింది. మెషీన్ ఎక్కడికీ పోవడానికి వీల్లేదంది. దాని ముందు నిలబడ్డంతసేపైనా మనిషి మనిషిలా ఉంటారు, మీటలు తుడుచుకుంటారో నూనె పోసుకుంటారో, ఉండనీ అంది. నేనూ సరేనన్నాను. కొన్నాళ్ళకు ఒక ఉదయం బావ నాకు కబురుపెట్టాడు. వెళ్ళేసరికి స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని, గుండీలన్నీ సరిగ్గా పెట్టుకుని కూర్చున్నాడు. మనిషి తేటగా ఉన్నాడు.

"వైరు నువ్వే వేశావు కదా. నువ్వే తీసెయ్," అన్నాడు.

అక్క అడ్డం పడింది. మీరు చేసిన ముల్లు బాగానే ఉంది కదండీ, వీణ్ణి పక్కన పెట్టుకుని చేసుకోండి అని బతిమాలింది. వీడు సగం గుర్తు చేస్తాడు అంది. బావ ఆవిణ్ణి పక్కన కూర్చోమన్నాడు. కసిరే మనిషి ఆ పూట చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పాడు. చక్ బిగించడానికి ఒక తాళం చెవి లాంటిది ఉంటుంది, అరకిలో ఇనుము. బిగించాక దాన్ని తీసి పక్కన పెట్టి అప్పుడు మెషీన్ వెయ్యాలి. మర్చిపోయి వేస్తే అది విసురుగా వచ్చి ఎవరికి తగులుతుందో చెప్పలేం. కంపెనీలో ఒకడికి దవడ ఎగిరిపోవడం తను చూశాడు.

"కన్ను పోతే ముల్లు చేసుకున్నాను," అన్నాడు. "తాళం చెవి చక్‌లోనే వదిలేశానని నాకే గుర్తు లేకపోతే దానికేం చెయ్యను? ఆ గడపలో నిలబడేది నువ్వు."

అక్క లేచి నాకు దారి వదిలింది. నేను వెళ్ళి మెయిన్ ఆపి, నా చేత్తో లాగిన వైరుని నా చేత్తోనే కోశాను. తర్వాతి వారం ఒక వర్క్‌షాపు వాళ్ళు వచ్చి గోడ మళ్ళీ పగలగొట్టి మెషీన్ తీసుకెళ్ళారు. ముల్లు వాళ్ళకి అక్కర్లేదన్నారు, మా టర్నరుకి కళ్ళు బాగానే ఉన్నాయన్నారు. విప్పి ఇంకో మెషీన్‌కి పెట్టడానికి కూడా అది పనికిరాదు, ప్రతి రంధ్రమూ ఆ మెషీన్ ఒంటికి కొలిచి వేసింది. లారీ కదిలేటప్పుడు బావ వీధిలోకి వచ్చి, తాడు ఎక్కడెక్కడ బిగించారో చేత్తో తడిమి చూసి, మెల్లగా పోనిమ్మని డ్రైవర్‌కి చెప్పి లోపలికి వెళ్ళిపోయాడు.

గోడ కట్టించి, ఆ గదికి సున్నం వేయించాం. వాసన మాత్రం పోలేదు. కొన్నాళ్ళు బావ అటు వెళ్ళలేదు. ఒక సాయంత్రం నేను షాపు కట్టేసి వెళ్ళేసరికి గది మధ్యలో నిలబడి, నేలమీద బోల్టులు పీకిన గుంటల్ని చెప్పు కొసతో తడుముతున్నాడు. నన్ను చూసి, మెషీన్ ఏదిరా అన్నాడు. నువ్వే పంపించావు అని చెప్పాలి, ఎందుకు పంపించావో కూడా చెప్పాలి. అక్క చేతులు తుడుచుకుంటూ వచ్చి, నన్ను వెనక్కి జరిపింది.

"మీకు కన్ను ఆనడం లేదు కదండీ," అంది. "అందుకని నేనే పంపించేశాను."

బావ మొహం ఎర్రబడింది. పాత కోపమే, చక్ తిరుగుతుండగా పలకరిస్తే వచ్చే కోపమే.

"కంటి కోసం మెషీన్ పంపేస్తారుటే? దానిదేముంది, ఒక ముల్లు చేసి బిగించుకుంటే సరిపోయేది. నన్నొక్క మాట అడగొద్దూ?"

"తప్పైపోయిందండీ," అంది అక్క. "మిమ్మల్ని అడగాల్సింది."

బావ కాసేపు ఆవిణ్ణి చూసి, సర్లే ఏడవకు అన్నాడు. అలిగినట్టు వెళ్ళి వసారాలో కూర్చున్నాడు. ఇప్పుడు ఇది వారానికి రెండు మూడుసార్లు జరుగుతోంది. ప్రతిసారీ ఆయన కొత్తగా అడుగుతాడు, ప్రతిసారీ అక్క ఆ నేరం తన నెత్తినే వేసుకుని తప్పైపోయిందంటుంది. ఒకరోజు నేను ఉండబట్టలేక, నువ్వు చెయ్యని దానికి ఎన్నాళ్ళని తిట్లు తింటావే, ఒక్కసారి నిజం చెప్పేయరాదా అన్నాను. అక్క నావైపు తిరగకుండానే గిన్నెలు తోముతూ జవాబిచ్చింది.

"కన్నని చెప్తే కోప్పడతారు, అంతే. నిజం చెప్తే ఆ మనిషి ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే భయపడాలిరా. కోప్పడనీ నన్ను."